ఇంటి పనులు బుర్రలోంచి కాగితం మీదకి

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంట్లో పొద్దున్నే పనులన్నీ ఒకేసారి మీద పడతాయి, తడి చెత్త బండి వచ్చేలోపు పెట్టాలి, పొడి చెత్త వేరే రోజు, కావేరీ నీళ్ళు వచ్చే రోజు సంప్ చూసుకోవాలి, గ్యాస్ బుక్ చెయ్యాలి, కరెంటు బిల్లు, పిల్లాడి కన్నడ హోంవర్కు (మనకి రాదు కదా, పక్కింటావిడని అడగాలి, అదీ ఒక పనే). చెయ్యడం కన్నా ఇవన్నీ గుర్తుపెట్టుకోవడమే మనిషిని పిండేస్తుందని నా గట్టి నమ్మకం.

1927లో బ్లూమా జైగార్నిక్ అనే సైకాలజిస్టు, మధ్యలో ఆగిపోయిన పనులు పూర్తయిన వాటికంటే ఎక్కువ గుర్తుంటాయని రాసింది. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే సైకాలజిస్టులు చేసిన ప్రయోగాల్లో ఇంకో మంచి సంగతి తేలింది, పని అవ్వకపోయినా సరే ఎప్పుడు ఎలా చేస్తామో ఖచ్చితంగా ప్లాన్ వేసుకుంటే చాలు, దాని ఆలోచన మధ్యమధ్యలో వచ్చి సతాయించడం తగ్గుతుందట.

అందుకే లిస్టులో "ఇల్లు సర్దాలి" అని రాయను. అలా రాస్తే చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది తప్ప చెయ్యి కదలదు. "శనివారం టిఫిన్ అయ్యాక అటక మీద డబ్బాలు దించాలి" అని రాస్తా. కాగితం ఫ్రిజ్ మీదే ఉంటుంది, మా ఆయన కూడా చూస్తారు, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే లిస్టు నా ఫోన్లోనే ఉంటే ఏం చెయ్యాలో ప్రతిసారీ నేనే చెప్పాలి. ఇప్పుడు నీళ్ళు, చెత్త పూర్తిగా ఆయనవే.

రోజుకి మూడు పనులే రాస్తా, మిగతావి వెనక పేజీలో. ఒంట్లో బాలేని రోజు ఒక్కటే, పిల్లాడికి అన్నం పెట్టడం, ఇంకేదైనా రేపటికి.