రెండు అంకెలు ఎక్కువున్నాయి

పోయిన వారం బ్రాంచ్ రౌటర్లకి ఈఐజీఆర్పీ (రౌటర్లు ఒకదానికొకటి రూట్లు చెప్పుకునే ప్రోటోకాల్) ఆథెంటికేషన్ పెట్టమన్నారు, అంటే రెండు వైపులా ఒకే పాస్‌వర్డ్ ఉంటేనే అవి మాట్లాడుకోవాలి. కీ చైన్ (ఆ పాస్‌వర్డ్ ఉండే సెట్టింగ్) రాయడం, ఇంటర్‌ఫేస్ మీద ఎండీ5 (ఆ పాస్‌వర్డ్‌తో ప్యాకెట్లని సరిచూసే పద్ధతి) ఆన్ చేయడం, అంతేగా అని రాత్రి పదకొండుకి కూర్చున్నా. మన సైడ్ పెట్టగానే నైబర్, అంటే అవతలి రౌటర్‌తో ఉన్న కనెక్షన్, డౌన్ అయింది, అది ఎలాగూ అవుతుంది, అవతల కూడా పెట్టాక పైకి రావాలి. రాలేదు.

(అవతలి రౌటర్‌లోకి ముందే మన రౌటర్ నుంచి లింక్ ఐపీకి లాగిన్ అయి ఉంచుకున్నా, అది డైరెక్ట్ నెట్‌వర్క్ కాబట్టి రూట్లు ఎగిరిపోయినా సెషన్ ఉంటుంది. ల్యాప్‌టాప్ నుంచి నేరుగా వెళ్లుంటే పొద్దున్నే బ్రాంచికి బండేసుకుని పోవాల్సొచ్చేది.)

డీబగ్ ఈఐజీఆర్పీ ప్యాకెట్స్ కొడితే "ఆథెంటికేషన్ మిస్‌మ్యాచ్" అని, హలో ప్యాకెట్ (నేనున్నా అని రౌటర్ పంపే పలకరింపు) ఇగ్నోర్ చేశానని, ఐదు సెకన్లకోసారి ఇదే గోల. అంటే కమాండ్ పడింది, కీనే తేడా. చైన్ పేరు రెండు వైపులా వేరైనా పర్లేదు కానీ కీ నంబర్ కలవాలి, అది చూస్తే రెండు చోట్లా 1. లైఫ్‌టైమ్ (కీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా చెల్లుతుందో) పెట్టలేదు కాబట్టి క్లాక్ గొడవ కూడా లేదు. ఇక మిగిలింది పాస్‌వర్డే, అదేమో ఒకటే ఇచ్చా కదా అని నా మొండితనం. షో రన్‌లో (రౌటర్ సెట్టింగ్స్ అన్నీ చూపించే కమాండ్) టైప్ 7లో, అంటే సిస్కో పాస్‌వర్డ్‌ని మార్చి దాచే రూపంలో, రెండూ వేరుగా ఉన్నాయి గానీ దాన్ని బట్టి ఏం చెప్పలేం, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చినా సాల్ట్ (దాచేటప్పుడు రౌటర్ ఎంచుకునే మొదలు నంబర్) మారితే వేరుగానే కనిపిస్తుంది.

షిఫ్ట్‌లో ఉన్న సీనియర్‌ని లాక్కొచ్చా. స్క్రీన్ చూసి "చదవకురా, లెక్కపెట్టు" అన్నాడు.

"ఏం లెక్కపెట్టాలన్నా?"

మొదటి రెండంకెలు సాల్ట్, తర్వాత ఒక్కో అక్షరానికి రెండేసి అంట. మాది 8 అక్షరాల పాస్‌వర్డ్, అంటే 18 ఉండాలి. మన సైడ్ 18. అవతల వేలు పెట్టి లెక్కపెడితే 20!

షో కీ చైన్ కొడితే పాస్‌వర్డ్ కోట్స్ మధ్యలో చూపిస్తుంది కదా, అవతలి రౌటర్‌లో చివరి అక్షరానికీ కోట్‌కీ మధ్య చిన్న ఖాళీ. స్పేస్. ఇక్కడ చేత్తో టైప్ చేశా, అక్కడ నోట్‌ప్యాడ్ లోంచి పేస్ట్ చేశా, సిస్కో వాడు ఆ స్పేస్‌ని కూడా పాస్‌వర్డ్‌లో అక్షరంగానే తీసుకున్నాడు. గంటన్నర నుంచి దీని ముందే కూర్చున్నా నేను.

కీ స్ట్రింగ్ తీసేసి మళ్లీ చేత్తో కొట్టా, నైబర్ వెంటనే పైకొచ్చింది. తర్వాత మిగతా ఆరు బ్రాంచిలకి రెడీ చేసుకున్న ఫైల్ తెరిచి ఒక్కో లైను చివరికీ కర్సర్ తీసుకెళ్లి చూస్తే, ఆరింటికీ అదే స్పేస్.