నీటి గీత ముందు, శిఖరం తర్వాత

మన ఆర్ట్ కాలేజీలో అవుట్‌డోర్ స్టడీ, అంటే బయట కూర్చుని పెన్సిల్‌తో గీయడం, అంటే ముందు రాళ్లే. మౌలాలీ, ఖాజాగూడ గుట్టల దగ్గర గ్రానైట్ గీసి చేయి తిరిగినవాళ్లకు, సముద్రం మధ్య కొండల దీవిని గీయడం సగం తెలిసినట్టే. మిగతా సగం నీరూ, గాలిలోని తేమా.

స్కాట్లండ్ పడమటి తీరంలోని స్కై దీవినే తీసుకోండి. అక్కడి ఎర్ర కూలిన్ కొండలవీ గ్రానైటే, గుండ్రంగా అరిగాయి. అయితే మనకులా బండ మీద బండ నిలబడదు. రాలిన రాతిముక్కలు వాలంతా పరుచుకుంటాయి. పెన్సిల్‌ను పడుకోబెట్టి, వాలు వెంట పైనుంచి కిందికి లాగాలి. పక్కనే నల్ల కూలిన్, అది గాబ్రో అనే ముదురు రంగు గరుకు రాయి, రంపపు పళ్లలా ఉంటుంది. దానికి చెక్కిన మొన కావాలి, గీత విరుగుతూ పోవాలి. రెండింటికీ ఒకే షేడింగ్ వేస్తే రెండూ మట్టిదిబ్బలే అవుతాయి.

చాలామంది శిఖరంతో మొదలుపెడతారు. అక్కడే బొమ్మ చెడుతుంది, ఎందుకంటే కంటికి కొండ ఉన్నదానికన్నా నిటారుగా అనిపిస్తుంది. స్కైలోని ఎల్గోల్ ఊరి ఒడ్డు నుంచి 992 మీటర్ల స్గుర్ అలస్టేర్ శిఖరం దాదాపు 10 కిలోమీటర్లు. చేయి చాచి కంటికి 60 సెంటీమీటర్ల దూరాన పెన్సిల్ పట్టి కొలిస్తే దాని ఎత్తు 6 సెంటీమీటర్లే. కొలవకుండా గీస్తే సులువుగా పది దాటుతుంది.

అందుకే ముందు నీటి అంచు. అది కాగితం అడుగు అంచుకు సమాంతరంగా ఉండాలి. ఒడ్డు మ్యాపులో ఎంత వంపు తిరిగినా, కింద నిలబడి చూసేవాడికి దాదాపు తిన్నటి గీతే. వంపు తిప్పారో, దీవి పళ్లెంలో పెట్టిన ముద్దలా కనిపిస్తుంది. సముద్రానికి ఆటుపోట్లున్నాయి కాబట్టి మొదటి పది నిమిషాల్లోనే ఆ గీత తేల్చేయాలి. ఆరు గంటల్లో నీరు ఒక కొస నుంచి రెండో కొసకు పోతుంది. మళ్లీ మళ్లీ సవరిస్తే ఏ గంట నీరో తెలియని బొమ్మ మిగులుతుంది.

తర్వాత టోన్, అంటే ముదురు లేతల తేడా. దూరపు వరసకు లేతగా గీసే గట్టి పెన్సిల్ 2హెచ్, నడిమి దానికి మధ్యరకం హెచ్‌బి, దగ్గరి రాళ్లకు నల్లగా గీసే మెత్తటి 4బి. చాలామంది పట్టించుకోనిది ఒకటుంది: పొగమంచు నీటి మీదే చిక్కగా ఉంటుంది, కాబట్టి దూరపు కొండ పాదం శిఖరం కన్నా లేతగా ఉండాలి. బరువు కోసమని పాదాన్ని నల్లబరిస్తే దూరం పోతుంది. 2హెచ్ గట్టిగా నొక్కకండి. కాగితం నున్నబడిపోతే దాని మీద 4బి పట్టదు. చినుకులకు గ్రాఫైట్ కారదు గానీ, తడి కాగితం మీద మొన గాడి చేస్తుంది. ఆ గాడి రబ్బరుకు లొంగదు.

ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ 1831లో స్కైకి వచ్చి కొరుస్క్ సరస్సు పరిసరాలను స్కెచ్‌బుక్కులో పెన్సిల్‌తో పట్టుకున్నాడు. నీటిరంగుల చిత్రం ఆ తర్వాతే. కొండ ఆకారం అక్కడ దొరికిపోతే రంగు ఇంటికొచ్చాకైనా వేసుకోవచ్చు.

ఇదంతా సాధన చేయడానికి స్కై దాకా పోనక్కర్లేదు. నాగార్జునకొండ ఆనకట్ట నీళ్లు చేరాక దీవి అయిన కొండే. వేసవిలో నీరు తగ్గినప్పుడు వెళ్లండి, గట్టు చుట్టూ బోడిగా తేలిన పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ పై అంచూ కింది అంచూ రెండూ సమాంతరంగా రావాలి. పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టుకోండి, లేకపోతే తిరుగు ప్రయాణంలో 4బి ఎదుటి పేజీకి అంటుకుంటుంది.