మూడు రోజులుంటే అబద్ధ ప్రవక్తే

ఆదిమ క్రైస్తవ సంఘం పేరెత్తితే చాలు, మనవాళ్ళు ఒక స్వర్ణయుగం గురించి మాట్లాడటం మొదలుపెడతారు. అప్పట్లో అందరూ ఏకమనస్సుతో ఉండేవారు, ఆస్తులమ్మి పంచుకునేవారు, చెడిపోయింది మనమే అని. బైబిల్లోని అపొస్తలుల (అంటే యేసు పంపిన బోధకుల) కార్యముల పుస్తకం రెండో అధ్యాయంలో ఆ మాట ఉంది, కాదనను. కానీ అదే పుస్తకం ఐదో అధ్యాయంలో అననీయ, సప్పీరా పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని దొరికిపోతారు, ఆరో అధ్యాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ చేసే పంపకంలో అన్యాయం జరుగుతోందని గొడవ మొదలవుతుంది. రెండో అధ్యాయం మీద ఉన్నన్ని ప్రసంగాలు ఆరో అధ్యాయం మీద వినిపించవు ఎందుకో!

నన్నడిగితే ఆ కాలం మనుషులు ఎలా ఉండేవారో తెలియాలంటే గొడవలు, షరతులు ఉన్న చోటే వెతకాలి. అందుకు డిడాకే కంటే మంచి పుస్తకం నాకు కనిపించలేదు. సంఘం ఎలా నడుచుకోవాలో చెప్పే నియమాల పుస్తకం ఇది, పన్నెండుగురు అపొస్తలుల బోధ అని దాని పేరు. పదహారు చిన్న అధ్యాయాలు, అంతే. మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో తయారైందని ఎక్కువమంది పండితుల లెక్క. క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ కొత్త నిబంధన పుస్తకాల జాబితా రాసినప్పుడు దీన్ని అందులో చేర్చలేదు గానీ కొత్తగా విశ్వాసంలోకి వచ్చేవాళ్ళు చదువుకోవచ్చన్నాడు. తర్వాత్తర్వాత జనం మర్చిపోయారు. 1873లో ఫిలోథియోస్ బ్రయెన్నియోస్ అనే గ్రీకు మతాధికారికి కాన్‌స్టాంటినోపుల్‌లో 1056 నాటి రాతప్రతి ఒకటి దొరికింది, అందులో ఇది పూర్తిగా ఉంది. పదేళ్ళ తర్వాత అచ్చువేశాడు.

డిడాకే పదకొండో అధ్యాయం చదవండి. ఊరూరా తిరిగే అపొస్తలుడు మీ దగ్గరికొస్తే ప్రభువును చేర్చుకున్నట్టే చేర్చుకోండి, కానీ ఒక్క రోజే ఉండాలి, అవసరమైతే రెండో రోజు, మూడు రోజులున్నాడంటే అబద్ధ ప్రవక్త. వెళ్ళేటప్పుడు మళ్ళీ బస దొరికేదాకా సరిపోయే రొట్టె తప్ప ఏమీ ఇవ్వొద్దు. డబ్బు అడిగాడా, అబద్ధ ప్రవక్త. ఆత్మావేశంలో ఉండి భోజనం ఏర్పాటు చేయమని చెప్పి తానే కూర్చుని తిన్నాడా, వాడూ అంతే. ఈ చివరిది చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. ఇలాంటి నియమం ఎవరికీ ఊరికే తోచదు కదా, ఎవడో ఒకడు పూనకంలో ఊగుతూ వడ్డించండి అని కేకేసి, తీరా వడ్డించాక శుభ్రంగా లాగించి ఉంటాడు, ఆ ఊరివాళ్ళు ఒళ్ళు మండి ఈ ముక్క రాయించి ఉంటారు. పేదల కోసం ఇవ్వమని అడిగితే మాత్రం అతన్ని తప్పుపట్టొద్దు అని వెంటనే ఒక మినహాయింపు కూడా పెట్టారు, చూశారా ఎంత ఆలోచించారో.

ఇది క్రైస్తవుల అనుమానం మాత్రమే కాదు, బయటివాళ్ళకీ తెలిసిన సంగతే. రెండో శతాబ్దంలో లూసియన్ అనే వ్యంగ్య రచయిత పెరెగ్రినస్ అనే మనిషి గురించి రాశాడు. ఇతగాడు పాలస్తీనాలో క్రైస్తవుల్లో చేరి పెద్దమనిషైపోయి, చివరికి జైల్లో పడతాడు. ఇక చూడండి హడావుడి, తెల్లారేసరికి ముసలి విధవలు, అనాథ పిల్లలు జైలు ముందు కాచుకుని ఉంటారు, సంఘ పెద్దలు కాపలావాళ్ళకి లంచాలిచ్చి లోపలే అతనితో పడుకుంటారు, రకరకాల భోజనాలు వస్తాయి, ఆసియా (నేటి టర్కీ పశ్చిమ ప్రాంతం) పట్టణాల నుంచి సంఘం ఖర్చుతో మనుషులు వస్తారు. కాస్త తెలివైన మోసగాడు దొరికితే ఈ అమాయకుల దగ్గర ఇట్టే డబ్బు చేసుకుంటాడని లూసియన్ ఎగతాళి. వ్యంగ్యం కాబట్టి కొంత కోసేసి చదవాలి, నిజమే. అయినా ఎగతాళి చేసినవాడి చేతి మీదుగానే విధవలు, అనాథలు, జైల్లో ఉన్నవాడికి మోసుకెళ్ళే భోజనం మనదాకా వచ్చాయి.

మరి ఇన్నిసార్లు మోసపోయినవాళ్ళు ఇవ్వడం మానేశారా? డిడాకే మొదటి అధ్యాయంలోనే, అడిగిన ప్రతివాడికీ ఇవ్వు, తిరిగి అడగకు అని ఉంది. కొన్ని వాక్యాలు దాటితే, ఎవరికిస్తున్నావో తెలిసేదాకా నీ దానం నీ చేతుల్లోనే చెమటపట్టనీ అని ఉంది! రెండూ పక్కపక్కనే. అతికించినవాళ్ళకి ఆ తేడా తెలియక కాదు, రెండూ అవసరమయ్యాయి, వదిలేశారు. ఊళ్ళో స్థిరపడతానన్న కొత్తవాడికీ ఇదే పద్ధతి, పని తెలిస్తే చేసుకు తినాలి, తెలియకపోతే మీరే ఏదో దారి చూపండి, దేనికీ ఒప్పుకోకపోతే క్రీస్తు పేరుతో బేరం చేసేవాడు, జాగ్రత్త.

తిండి సంగతి ఇక్కడే ఒకటి చెప్పాలి. మనకి బల్లారాధన, అంటే యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే ఆరాధన, అంటే చిన్న రొట్టె ముక్క, బుల్లి గ్లాసులో ద్రాక్షరసం. డిడాకేలో మాత్రం "కడుపు నిండాక" ఇలా కృతజ్ఞత చెప్పండి అని ఉంది, పైగా రొట్టె కంటే ముందు ద్రాక్షరసం గిన్నె. అంటే అది నిజంగా భోజనమే. గ్రీసులోని కొరింథులో క్రీ.శ. 50ల్లో అపొస్తలుడు పౌలుకి తలనొప్పి తెచ్చింది కూడా ఈ భోజనమే, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడని తిట్టి రాశాడు. 112 ప్రాంతంలో బితూనియలో (ఇప్పటి టర్కీలో) గవర్నరుగా ఉన్న ప్లినీ, రోమన్ చక్రవర్తి ట్రాజన్‌కి రాసిన ఉత్తరంలో క్రైస్తవులు కలిసి తినేది మామూలు తిండేనని విచారణలో చెప్పారని రాశాడు. అసలు నిజం రాబట్టడానికి అతను చిత్రహింస పెట్టింది ఇద్దరు బానిస స్త్రీలని, సంఘంలో వాళ్ళని పరిచారికలు అనేవారట. ఒక ఊరి సంఘంలో బాధ్యత ఉన్నవాళ్ళు అంటే మన బుర్రలోకి ముందుగా వచ్చేది వీళ్ళు కాదు.

డిడాకే పదిహేనో అధ్యాయం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. సంఘ అధ్యక్షులని (బిషప్పులని), పరిచారకులని మీరే ఎన్నుకోండి, డబ్బాశ లేనివాళ్ళని చూసుకోండి అని చెప్పి, వాళ్ళని చిన్నచూపు చూడొద్దు, ప్రవక్తలు చేసే సేవే వీళ్ళూ చేస్తున్నారు అంటుంది. అంటే చిన్నచూపు చూసేవాళ్ళన్నమాట. ఎక్కడినుంచో వచ్చి ఆత్మావేశంతో మాట్లాడి వెళ్ళిపోయే ప్రవక్తకి జనం ఎగబడుతుంటే, పొద్దున్నే లేచి పంపకాల లెక్క చూసుకునే సొంతూరి మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. అందుకే అతని తరఫున ఒకరు సిఫారసు రాయాల్సి వచ్చింది.