మూడో లెక్క దగ్గర మేక

మా బ్యాచ్‌లో వేణువు క్లాసుకి చేరినవాళ్లలో సగం మంది కోరిక ఒకటే. పాట మధ్యలో వచ్చే ఫ్లూట్ బిట్‌లో చివరి స్వరం సన్నగా ఊగుతుందే, ఆ వైబ్రాటో రావాలి. సరళీ స్వరాలు, జంట స్వరాలు లాంటి మొదటి పాఠాలు దానికోసం ఓపిక పట్టాల్సినవి, అంతే. సార్ మాత్రం ఆ ఊసే ఎత్తనిచ్చేవారు కాదు. "ముందు షడ్జమం, ఆ 'స' ఒక్కటీ కదలకుండా నిలబెట్టరా, తర్వాత ఊపుదువుగాని" అనేవారు.

హైదరాబాద్ రామ్‌కోటిలో మా సాయంత్రం క్లాసులు ఎలా ఉండేవో పాత బ్యాచ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక పక్క వీణ, ఇంకో పక్క గజ్జెల చప్పుడు, కిటికీలోంచి ఆటోల హారన్లు. ఆ గోలలో శ్రుతిపెట్టె వింటూ ఒకే స్వరం ఊదుతూ కూర్చోవడమంటే విసుగు పుట్టేది. ఎందుకు కూర్చోబెట్టారో తర్వాత అర్థమైంది. ఫ్లూట్‌లో గట్టిగా ఊదితే శ్రుతి పైకి జరుగుతుంది, మెత్తగా ఊదితే దిగుతుంది. కొత్తవాళ్లని ఏడిపించే ఈ గుణాన్నే కావాలని, లెక్క ప్రకారం వాడుకుంటే అదే వైబ్రాటో. గాలి ఒత్తిడి ఊగుతుంటే నాదం పెరిగి తగ్గుతుంది, శ్రుతి కాస్త అటూ ఇటూ కదులుతుంది. మధ్యలో అసలు స్వరం ఎక్కడుందో ఊదేవాడి చెవికి తెలియకపోతే వినేవాళ్లకి మిగిలేది అపశ్రుతే.

లలిత గీతాలకి వెనక వాయించే అవకాశాలు రావడం మొదలయ్యాకే సార్ ఆ పాఠం ఎత్తుకున్నారు. మొదట ఫ్లూట్ పక్కన పెట్టించారు. ఒక అరచేయి నోటికి జానెడు దూరంలో, రెండోది పొట్ట మీద. గోడ గడియారం టిక్కుమన్నప్పుడల్లా చప్పుడు లేకుండా "హ" అని ఊదాలి. వెచ్చటి గాలి అరచేతిలో ఒకే చోట తగలాలి, అదే క్షణంలో పొట్ట లోపలికి కదలాలి. అది కుదిరాక సెకనుకి రెండు, తర్వాత మూడు, నాలుగు. ఆ తర్వాత "హ"ల మధ్య గాలి తెగకుండా కలిపేయాలి. అప్పుడే ఫ్లూట్ చేతికిచ్చేవారు, అదీ మధ్య స్థాయిలో సులువుగా పలికే స్వరం మీదే.

దాదాపు అందరం ఇరుక్కున్నది సెకనుకి మూడు దగ్గరే. పొట్ట కండరాలకి ఆ వేగం అందదు, సాయానికి గొంతు దూరుతుంది. గొంతు బిగుసుకుందా, స్వరం ముక్కలు ముక్కలై అచ్చం మేక అరిచినట్టే ఉంటుంది. "ఎవర్రా మేకని తోలుకొచ్చింది?" అని సార్ అనగానే గదంతా నవ్వులు. వేగం పెరిగేకొద్దీ గొంతు కొంత కలవడం సహజమే, బిగుసుకోవడమే తప్పు. విరుగుడుగా మమ్మల్ని మళ్లీ రెండుకి దింపేవారు. నాలుగు దాటాక ఇక లెక్కపెట్టనిచ్చేవారు కాదు. మంచి వాద్యకారుల ఊపు సెకనుకి అయిదారు దాకా ఉంటుంది, అక్కడ లెక్కపెడుతూ కూర్చుంటే పాట పోతుంది. "వాయించగా వాయించగా అదే వస్తుంది" అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. కొందరికి వస్తుంది నిజమే, చాలామందికి మాత్రం అలా వచ్చేది మేకే.

ఇంత కష్టపడి నేర్పి, కీర్తన ఎత్తుకోగానే "గాలి ఊపకు, వేలు ఊపు" అనేవారు! అప్పట్లో ఒళ్లు మండేది. తోడి రాగంలో గాంధారం, అంటే 'గ', ఊగాలి, కానీ ఆ ఊపు రంధ్రం మీద వేలు సగం తెరిచి మూయడంలోంచి రావాలి. శంకరాభరణం రాగంలో గాంధారం నిలకడగా ఉండాలి, దాని మీద వైబ్రాటో వేస్తే రాగం మొహమే మారిపోతుంది. అసలు కదలకూడని షడ్జమ పంచమాల (స, ప) సంగతి సరేసరి. ఊపుల్లో ఇన్ని తేడాలు మనవాళ్లకి కొత్త కాదు. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం అనే గ్రంథంలో 15 గమకాలు, అంటే స్వరాన్ని ఊపే తీరులు చెప్పి, వాటిలో కంపితం, ఆందోళితం లాంటివాటిని ఊపు వేగాన్నిబట్టి వేరుచేశాడు.

ఈమధ్య తెలిసిన విషయం ఒకటి సార్‌కి చెప్పుంటే ఎంత సంబరపడేవారో. 1707లో ఫ్రాన్సులో ఓతెతేర్ అనే ఫ్లూట్ వాద్యకారుడు రాసిన ఫ్లూట్ నేర్పే పుస్తకంలో స్వరాన్ని ఊపడానికి చెప్పిన ఉపాయం కూడా వేలితోనే! రంధ్రం అంచు మీద వేలు ఆడించడమట. గాలితో ఊపడం అక్కడ మామూలైపోయింది చాలా తర్వాత.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలు మొదటి వారంలోనే వైబ్రాటో అడుగుతారు, అదీ ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ తెరిచి. యాప్ మంచిదే, ముల్లు రెండు వైపులా సమానంగా కదులుతోందో లేదో చూపిస్తుంది. గొంతు బిగుసుకుందని మాత్రం చెప్పదు, అందుకే నేనూ అరచేతితోనే మొదలుపెడతాను. మా బ్యాచ్‌లో మూడు దగ్గర అసలు తడబడనివాడు ఒకడున్నాడు, పేరు చెప్పను. నాయనా, ఇది చదివితే ఎలా గట్టెక్కావో కాస్త చెప్పు. మా పిల్లలు అక్కడే ఆగిపోయారు.