కాళ్లు ఆగట్లేదు సిస్టర్

నేను వైజాగ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుని. మా చుట్టాలు ఇప్పటికీ అడిగేది ఒకటే: వాళ్లు కొడతారా, కరుస్తారా అని. నిజానికి నా డ్యూటీ సగం మోషన్ అయిందా, నోరు ఎండుతోందా, చేతులు చాపు చూద్దాం అంటూనే గడిచిపోతుంది. ఈ మందులు మనసుకే ఇచ్చినా తిరిగేది ఒళ్లంతా. పేషంటు "నాకు ఒంట్లో బాగోలేదు" అంటే మాత్రం ఇంట్లోవాళ్లు, ఒక్కోసారి ఆసుపత్రిలోవాళ్లు కూడా, దాన్ని జబ్బు ఖాతాలో వేసేస్తారు.

పెదజాలరిపేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. హాలోపెరిడాల్ మొదలుపెట్టాం. ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం తగ్గింది, కానీ రాత్రిళ్లు కారిడార్‌లో అటూ ఇటూ ఒకటే నడక. వాళ్లమ్మ నా దగ్గరకొచ్చి "మళ్లీ ఎక్కువైపోనాదమ్మా, ఇంకో ఇంజక్షన్ ఏయించు" అంది. కుర్రాణ్ణి కూర్చోబెట్టాను. నిమిషం కూడా కూర్చోలేదు, ఒక కాలు దించితే ఇంకో కాలు లేస్తోంది. నడవమని ఎవరైనా చెబుతున్నారా అని అడిగాను. "ఎవలూ సెప్పట్లేదు. కాళ్లు ఆగట్లేదు సిస్టర్. కూకుంటే లోపల్నించి లాగేత్తంది" అన్నాడు.

దీన్ని అకథీషియా అంటారు. మందు వల్ల వచ్చేదే. చూసేవాళ్లకి మాత్రం అచ్చం జబ్బు ముదిరినట్టే ఉంటుంది. ఆ రాత్రి అదే మందు ఇంకో డోసు పడి ఉంటే నడక ఇంకా పెరిగేది. డ్యూటీ డాక్టర్ గారు వచ్చి చూసి డోసు తగ్గించి, ప్రొప్రనొలాల్ రాశారు. అందుకే మా వార్డుకి కొత్తగా వచ్చిన పిల్లలకి నేను చెప్పేది, ఇంజక్షన్ ట్రే తీసే ముందు ఒక్క ప్రశ్న అడగమని: గాభరా బుర్రలోనా, కాళ్లలోనా?

ఇదే మందుతో మొదటి రోజుల్లో కొందరికి, ముఖ్యంగా వయసు కుర్రాళ్లకి, మెడ ఒక పక్కకి మెలితిరిగి కళ్లు పైకి వెళ్లిపోతాయి. ఇంటికి పంపాక ఇలా అయితే దెయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకొస్తారు. ఫెనర్గాన్ ఇంజక్షన్ ఒకటి పడితే మామూలుగా అరగంటలో సర్దుకునే పని అది. అదే విపరీతమైన జ్వరం వచ్చి ఒళ్లు కర్రలా బిగుసుకుపోతే మాత్రం వేరే సంగతి. తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకురావాలి.

లిథియం అంటే నాకు మన ఊరి మే నెల గుర్తొస్తుంది. మనసు మరీ పైకీ కిందికీ ఊగిపోకుండా ఇచ్చే ఈ మందు ఒక రకం ఉప్పు. ఒంట్లో సోడియం, నీరు తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. రక్తంలో దాని లెవెల్ లీటరుకి 0.6 నుంచి 1.2 మిల్లీమోల్ దాకా ఉంటే మందు, 1.5 దాటితే విషం. మన ఉక్కపోతలో ఆ గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని చేసే ఒకాయన ఏళ్ల తరబడి లిథియం మీద బాగానే ఉన్నాడు. ఒక వేసవిలో మోకాలి నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ వేసుకున్నాడు. అదే సమయంలో ఎవరో బీపీకి మంచిదని చెప్తే కూరల్లో ఉప్పు మానేశాడు. ఇక ఆ కొలిమి దగ్గర చెమట సరేసరి. చేతులు వణుకుతూ, మాట ముద్దగా, తూలుతూ వచ్చాడు. వెంట వచ్చిన బావమరిది "తాగేసుంటాడమ్మా" అన్నాడు. వాసన లేదు, పొద్దున్నుంచి వాంతులు, విరోచనాలు. లెవెల్ 2 దాటింది. లిథియం ఆపి సెలైన్లు పెట్టారు, తేరుకున్నాడు.

లిథియం వాడేవాళ్లు నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కూడా లిథియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి, అవి సొంతంగా కొనుక్కోకూడదు. ఉప్పు ఉన్నట్టుండి తగ్గించకూడదు, నీళ్లు తాగాలి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం చేసే ముందు డాక్టర్‌ని అడగాలి. లెవెల్ పరీక్షకి రక్తం ఇవ్వాల్సింది ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకి. పాడేరు నుంచి తెల్లారుజామున బస్సెక్కి, దార్లో ఇడ్లీ తిని, మాత్ర కూడా వేసుకుని వస్తారు పాపం. అప్పుడు లెవెల్ లేనంత ఎక్కువగా కనబడుతుంది. ఇడ్లీతో ఇబ్బంది లేదు, మాత్రే రక్తం ఇచ్చాక వేసుకోవాలి.

మాత్ర మింగించడం గురించి కొంచెం. "నోరు తెరువు, నాలుక ఎత్తు" అని పోలీసులా అడగడం నాకు నచ్చదు. మాత్ర, నీళ్లు ఇచ్చి ఇంటి సంగతులు మాట్లాడిస్తాను. బుగ్గలో మాత్ర ఉంటే మాట తేడాగా వస్తుంది, తెలిసిపోతుంది. అయినా దాచుకున్నారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. పెళ్లైన ఒకమ్మాయి రిస్పెరిడోన్ (హాలోపెరిడాల్ కోవ మందే) ఉమ్మేస్తుంటే అందరూ మొండి అన్నారు. బాత్రూమ్ దగ్గర ఒంటరిగా దొరికినప్పుడు చెప్పింది: నెలసరి ఆగిపోయింది, అత్తగారు కడుపొచ్చిందనుకుంటున్నారు, రొమ్ముల్లోంచి పాలలా వస్తోంది. ఆ మందు ప్రొలాక్టిన్ అనే పాల హార్మోన్‌ని పెంచితే అలా అవుతుంది. గర్భం లేదని పరీక్ష చేసి, డాక్టర్ మందు మార్చారు. తర్వాత ఉమ్మలేదు.

ఇళ్లల్లో పులుసులో మాత్ర కలిపేసే తల్లులున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, కానీ ఇది నాకు ఇష్టం లేదు. ఒకసారి తెలిసిపోయిందంటే ఆ బిడ్డ తల్లి చేతి అన్నం కూడా ముట్టడు. వార్డులో చేర్చినప్పుడైతే ఇంకో ప్రమాదం. మేమిచ్చే డోసు మేమిస్తాం, క్యారేజీలో ఇంకో డోసు వస్తుంది. అందుకే పేషంటుకి తోడున్నవాళ్లని పక్కకి పిలిచి అడుగుతాను, తిట్టకుండా.

ఇక క్లోజపిన్, వేరే మందులకి లొంగని స్కిజోఫ్రెనియాకి ఇచ్చేది. ఇది తెల్ల రక్తకణాల్ని తగ్గించేయొచ్చు కాబట్టి మొదట్లో వారం వారం వాటి పరీక్ష ఉంటుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే డోలో వేసి పడుకోబెట్టడం కాదు, అదే రోజు రక్తం చూపించాలి. ఇదంతా చాలామందికి తెలుసు. తెలియనిది మలబద్ధకం. పేగులు కదలక ప్రాణం పోయే దాకా వెళ్లొచ్చు. అందుకే రోజూ అడుగుతాను, వాళ్లు సిగ్గుపడినా.

కార్తీక మాసం వస్తుంటే ఇంకో ప్రశ్న చేరుతుంది: "ఈసారి మాల వేసుకుంటున్నావా?" రోజుకో కట్ట బీడీలు కాల్చే మనిషికి ఆ పొగ వల్ల క్లోజపిన్ ఒంట్లో త్వరగా ఖర్చయిపోతుంది, దానికి తగ్గట్టే డోసు పెట్టి ఉంటారు. అయ్యప్ప దీక్షలో బీడీ ఒక్కసారిగా మానేస్తే, అదే డోసుకి రక్తంలో మందు పెరిగిపోతుంది. మగత, నోట్లో ఊట, ఒక్కోసారి ఫిట్స్. స్వామి పీఠం దగ్గర తూగుతున్నాడంటే భక్తి కాదు, బద్ధకమూ కాదు. బీడీ మానడం మంచిదే, మానమనే చెబుతాను. కాకపోతే మాల వేసుకునే ముందే ఓపీకి వస్తే డోసు సర్దుతారు.

గురుస్వాములు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అలాంటి స్వామి మీ బృందంలో ఉంటే వేకువ స్నానానికి గబుక్కున లేపకండి, మంచం మీద కాసేపు కూర్చోనివ్వండి, లేవగానే బీపీ పడిపోతుంది. శబరిమల రైలెక్కేటప్పుడు మందుల డబ్బా లగేజీ అడుగున కాకుండా చేతిసంచిలో ఉండేలా చూడండి. 48 గంటలకు మించి క్లోజపిన్ తప్పిందంటే పాత డోసు వేసుకోకూడదు. డాక్టర్‌కి ఫోన్ చేయాలి, మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.