తిరుమల ఘాట్ రోడ్డులో 80 కోట్ల ఏళ్ల గ్యాప్

మన తిరుపతి వాళ్ళం కొండెక్కేటప్పుడు గోవిందా అనుకుంటా లోయ వైపే చూస్తాం గానీ, ఈసారి రోడ్డు కోసం కోసిన కొండ వైపు చూడండి, కింద గ్రానైట్ ఉంటాది, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుకే గట్టిపడి రాయైంది. ఈ రెండూ కలిసే గీతనే ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. కింది రాయి 250 కోట్ల ఏళ్ల పైమాటే, పైది దానికంటే దాదాపు 80 కోట్ల ఏళ్లు చిన్నది! మరి మధ్యలో కాలం ఏమైనట్టు? గ్రానైట్ బయటపడి ఎండకీ వానకీ అరిగిపోతా వచ్చింది, చానా కాలం తర్వాత నీళ్ళొచ్చి దానిమీద ఇసుక పరిచినాయి, పుస్తకంలో మధ్య పేజీలు చిరిగిపోయినట్టు ఆ కాలం గుర్తులే లేవు. డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్లే అయిందంటే చూడండి ఇదెంత పెద్ద గ్యాపో, నాకైతే తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తాది.

పైన శిలాతోరణం కూడా ఈ క్వార్ట్‌జైటే. గాలీ నీళ్ళూ మెత్తటి భాగాన్ని తినేస్తే మిగిలిన ఆర్చి అది.

బస్సులో పోతే కొండ వైపు కిటికీ సీటు పట్టుకోండి, పిల్లలుంటే వాళ్ళకే ఇవ్వండి.