నేను సింకులో పారబోసిన జవాబు: ఈస్ట్ మీద ఏడాదిన్నర, నా అనుభవం

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా గైడ్ మేడమ్ నా చేతిలో పెట్టిన ప్రొటీన్ పేరు ఎంఎస్‌బీ2. "ఈస్ట్ కణం పైపొరలో ఉంటుంది, దాన్ని తీసేస్తే ఏమవుతుందో ముందు నువ్వే కళ్లారా చూడమ్మా" అన్నారు. గంటన్నరకోసారి రెట్టింపయ్యే జీవి, పైగా కావాల్సిన జీన్ తీసేయడం వారం పది రోజుల పని, ఆర్నెల్లలో తేల్చేస్తాననుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. అందులో సగం అచ్చంగా నా తెలివితక్కువతనం వల్లే.

ఈస్ట్ అనగానే గుండ్రంగా ఉండి మొగ్గలు తొడిగే కణమే గుర్తొస్తుంది కానీ గ్లూకోజ్ తగ్గేసరికి దాని తీరు మారిపోతుంది. కణాలు సాగుతాయి, విడిపోకుండా ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, తాము పెరిగే జెల్లీలాంటి అగార్‌ని తొలుచుకుంటూ లోపలికి దిగుతాయి. అలా దిగమనే ఆర్డరు మొదలయ్యేది కణం ఉపరితలం మీదే. అక్కడ ఎంఎస్‌బీ2, షో1 అనే రెండు ప్రొటీన్లు ఉంటాయి. వాటి కింద సీడీసీ42 అనే ఇంకో ప్రొటీన్ మేల్కొని స్టె20ని తట్టి లేపితే అక్కణ్ణుంచి స్టె11, స్టె7, కేఎస్‌ఎస్1, ఒకదానికి ఇంకోటి ఫాస్ఫేటు తగిలిస్తూ పోతాయి. చివరికి న్యూక్లియస్‌లో స్టె12, టెక్1 కలిసి ఫ్లో11 జీన్‌ని ఆన్ చేస్తాయి. ఆ ఫ్లో11 కూడా మళ్లీ కణం పైకొచ్చి కూర్చునే ప్రొటీనే, అంటుకునే గుణం దానిదే.

దీన్ని చూడ్డానికి పెద్ద మెషీన్లేమీ అక్కర్లేదు. ప్లేట్ మీద చుక్క పెట్టి 30 డిగ్రీల దగ్గర మూడు నాలుగు రోజులు పెంచి, ఫోటో తీసుకుని, ఆ తర్వాత సన్నటి ధారగా కుళాయి విప్పి గ్లవ్ వేసుకున్న వేలితో మెల్లగా రుద్దాలి. పైపైన ఉన్న కణాలు మీగడలా జారిపోతాయి, అగార్‌లోకి దిగినవి మాత్రం తెల్లటి మచ్చలా మిగులుతాయి. ఎంఎస్‌బీ2 లేని కణాలకు మచ్చ మసకగా ఉండాలి, మామూలువాటికి చిక్కగా ఉండాలి. నాకు ఏదీ మిగల్లేదు. మామూలు కణాలు కూడా శుభ్రంగా కొట్టుకుపోయాయి! అగార్ మార్చాను, నాలుగు రోజుల్ని ఆరు చేశాను, కుళాయి ధార ఎక్కువైందేమోనని పిచికారీ సీసాతో కడిగాను. మూడు వారాలు ఇదే పని. నాలుగో వారం పక్క బెంచీ సీనియర్ అక్క నా ప్లేటు ఎత్తి చూసి ఒక్కటే అడిగింది, "ఏ స్ట్రెయిన్ రా ఇది?"

స్ట్రెయిన్ అంటే ఈస్ట్‌లో ఒక రకం, నాది ఎస్288సి. 1996లో మొత్తం జీనోమ్ చదివేసిన స్ట్రెయిన్ అదే, అందరూ వాడేదే కదా అని నేనూ అదే తీసుకున్నాను. దాని ఫ్లో8 జీన్‌లో మ్యుటేషన్ ఉంది, ఫ్లో11 ఆన్ కావాలంటే ఫ్లో8 కూడా పనిచేయాలి, కాబట్టి పైనుంచి సిగ్నల్ ఎంత గట్టిగా వచ్చినా ఆ స్ట్రెయిన్ అగార్‌లోకి దిగదు. ల్యాబుల్లో ఉండలు కట్టని ఈస్ట్‌తో పని సుళువు కాబట్టి అలాంటిదే స్థిరపడిపోయింది. సుళువు మన కోసం, ఈస్ట్ కోసం కాదు. సిగ్మా 1278బి అనే స్ట్రెయిన్‌లో జీన్లు తీసేసే పని మళ్లీ మొదట్నుంచి చేశాను. ఈసారి కడిగాక మచ్చలు కనిపించాయి. మామూలువి చిక్కగా, ఎంఎస్‌బీ2 లేనివి మసకగా. ఆ ఫోటో మా అమ్మకు కూడా పంపాను, ఇదేంటే బూజా అంది.

అసలు తిరకాసు తర్వాత వచ్చింది. ఎంఎస్‌బీ2 పొడవు దాదాపు 1300 అమైనో ఆమ్లాలు, అందులో కణం లోపల ఉండేది వంద లోపే, మిగతాదంతా బయటికే. బయటి భాగం నిండా చక్కెరల గొలుసులు. ఈస్ట్ కణాలు జతకట్టే ముందు పంపుకునే పెళ్లి సిగ్నల్ తీసుకునే స్టె2 ప్రొటీన్ సంగతి నాకు ముందే తెలుసు, ఆ సిగ్నలే అయిన 13 అమైనో ఆమ్లాల ఆల్ఫా ఫ్యాక్టర్ బయట వచ్చి తగిలితేనే లోపల కదలిక వస్తుంది. ఇదీ అంతే అయ్యుంటుంది, బయటి భాగం చెవిలాంటిది, దాన్ని కోసేస్తే కణానికి చెవుడొస్తుంది అని లెక్కేసుకున్నాను. బయటి భాగంలో చాలావరకు తీసేసిన రకం తయారుచేసి కడిగి చూస్తే మచ్చ మామూలుదానికంటే చిక్కగా ఉంది. ట్యూబులు తారుమారు చేశాననుకున్నాను. డీఎన్‌ఏ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి పీసీఆర్ మళ్లీ పెట్టాను, సీక్వెన్సింగ్‌కి పంపాను, అంతా సరిగ్గానే ఉంది. మూడోసారీ అదే. అంటే ఆ బయటి భాగం చెవి కాదు, బ్రేకు.

బ్రేకు అయితే మామూలు కణంలో దాన్ని ఎవరు తీస్తారు? బయటి భాగానికి యాంటీబాడీ గుర్తుపట్టే హెచ్ఏ ట్యాగ్ అనే చిన్న గుర్తు తగిలించి ఉంచాను కాబట్టి బ్లాట్ చేద్దామన్నాను, అంటే ప్రొటీన్లను జెల్‌లో వేరుచేసి ఆ గుర్తున్నదాన్ని బ్యాండ్‌గా చూడటం. కణాల్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన మీడియాని, అంటే కణాలు పెరిగిన ద్రవాన్ని, సింకులో వంచేసి, అడుగున దిగిన పెల్లెట్‌ని పగలగొట్టి జెల్ మీద ఎక్కించాను. బ్యాండ్ అంతంతమాత్రం, చక్కెరల బరువుకి సగం జెల్‌లో నమూనా పోసే గుంట దగ్గరే ఇరుక్కుపోయి పైన ఒక మరకలా. జెల్ శాతం తగ్గించాను, యాంటీబాడీ పెంచాను. రెండు నెలలు. ప్రతి వారం మీడియా సింకులోకి, టెన్షన్ నా నెత్తికి.

ఒకరోజు ట్యూబు వంచబోతుంటే మేడమ్ వెనకనుంచి "అదెందుకు పారేస్తున్నావు?" అన్నారు. కణాలు లేని నీళ్లే కదా మేడమ్ అన్నాను. ఆవిడేమీ అనలేదు, నా చేతిలోంచి ట్యూబు తీసుకుని ఐస్‌లో పెట్టి వెళ్లిపోయారు.

మర్నాడు ఆ నీళ్లు జెల్ మీద ఎక్కించాను. ఫిల్మ్ మీద ఆ వరస నల్లగా మాడిపోయింది. నేను వెతుకుతున్న బయటి భాగం కణం మీద కాదు, తెగిపోయి మీడియాలో తేలుతోంది. తెంపేది వైపీఎస్1, అదీ ఉపరితలం మీదే ఉండే ప్రొటియేజ్, అంటే ప్రొటీన్లను కత్తిరించే ఎంజైమ్. గ్లూకోజ్ తగ్గితే అది ఎక్కువగా తయారవుతుంది, అంటే ఆకలికీ బ్రేకు తెగడానికీ సంబంధం అక్కడుంది. వైపీఎస్1 తీసేసిన కణాల్లో మీడియాలోని బ్యాండ్ బాగా తగ్గింది, పెల్లెట్‌లో పెరిగింది, ప్లేటు మీద మచ్చ పల్చబడింది.

ఇప్పుడు స్టె11 వంతు. పెళ్లి సిగ్నల్‌కీ అదే, ఉప్పు ఎక్కువైనప్పుడు హాగ్1 అనే ప్రొటీన్‌ని లేపే దారిలోనూ అదే, పైగా ఆ ఉప్పు దారిలో ఎంఎస్‌బీ2, షో1 కూడా ఉన్నాయి. ఒకే మనుషులు, మూడు ఆఫీసులు, ఫైళ్లు ఎలా కలిసిపోవడం లేదో చూడాలి. ఈలోగా నేను ఏ నీళ్లూ పారబోయడం లేదు. మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో రెండు అరలు నా మీడియా ట్యూబులే, నిన్న సీనియర్ అక్క తలుపు మీద చీటీ అంటించింది, "ఇవి ఎవరివో శుక్రవారం లోపు తీయకపోతే నేనే సింకులో పోస్తా" అని.